ఆదివారం లిటిల్ ఇండియా వద్దు

పోయిన నెల మా వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి అడిగింది. సింగపూర్ వచ్చి వారం కూడా కాలేదు. "వీకెండ్ మంచి ఆంధ్రా భోజనం ఎక్కడ దొరుకుతుంది? అలాగే కూర్చుని ఒక బీరు తాగడానికి మంచి ప్లేస్ ఏదైనా చెప్పండి" అని. పది నిమిషాల్లో పదిహేను జవాబులు వచ్చాయి. తిండి సలహాలు ఇవ్వడంలో మనవాళ్ళది పెద్ద చెయ్యి. ఆ పదిహేనింటిలో ఒకటి ఇది: "భోజనానికి లిటిల్ ఇండియా బెస్ట్. కానీ ఆదివారం మాత్రం వద్దు. లేబర్ క్రౌడ్." దాని కింద పదకొండు బొటనవేళ్ళు.

అందులో ఒక బొటనవేలు నాది. అలవాటు కొద్దీ నొక్కేశాను. ఆ తర్వాత అన్నం ముద్ద గొంతు దిగలేదని అబద్ధం చెప్పను, శుభ్రంగా తిన్నాను. రెండు రోజుల తర్వాత ఆఫీసుకి వెళ్తుంటే మా రైలు పక్కనే రోడ్డు మీద ఒక లారీ కనిపించింది. వెనక తొట్టిలో ఇరవై మంది మనుషులు, మోకాళ్ళు ముడుచుకుని, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఈ ఊళ్ళో రోజూ కనిపించే దృశ్యమే. కానీ ఆ రోజు "క్రౌడ్" అనే మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చింది మళ్ళీ పోలేదు. ఆ బొటనవేలు వెనక్కి తీసుకోడానికే ఇది రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నా గొడవ సింగపూర్ వాళ్ళతో కాదు. వాళ్ళ దేశం, వాళ్ళ ఓట్లు, వాళ్ళ చట్టాలు. నా గొడవ మనతోనే. ఎంప్లాయ్‌మెంట్ పాస్ జేబులో పెట్టుకు తిరిగే తెలుగువాళ్ళతో, అందులోనూ పుస్తకాలు చదివేవాళ్ళతో, రాసేవాళ్ళతో. పని అయ్యాక నలుగురు స్నేహితులు ఒకచోట కూర్చుని తిని తాగడం అనే ఒకే ఒక్క పనికి మనం రెండు పేర్లు పెట్టుకున్నాం. మనం చేస్తే "చిల్ అవ్వడం". వాళ్ళు చేస్తే "క్రౌడ్". మా ఊళ్ళో ఒక సామెత ఉంది: తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. దీనికి రెండో సగం ఎవరూ చెప్పరు. ముప్ఫయ్యో అంతస్తులో కూర్చుని కల్లు తాగినా పాలే అంటారు.

*

నాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లెటూరు. బ్రాందీ షాపు ముందు నించి వెళ్ళాల్సొస్తే ఆడపిల్ల అటు తల తిప్పకుండా నడవాలని నేర్పిన ఇల్లు. హైదరాబాదులో ఉద్యోగం చేసిన మూడేళ్ళూ మాదాపూర్ పబ్బులకి టీమ్‌తో వెళ్ళేదాన్ని. బయటికొచ్చి క్యాబ్ ఎక్కాక అద్దంలోంచి డ్రైవరు చూసే చూపుకి భయపడి, ఎప్పుడూ ఒక గ్లాసు దగ్గరే ఆగేదాన్ని.

2016లో ఇక్కడికొచ్చాను. వచ్చిన మొదటి శుక్రవారం, నేను అద్దెకున్న బిల్డింగు కిందే ఉన్న కోపిటియంలో కూర్చున్నాను. కోపిటియం అంటే మన ఇరానీ హోటల్ లాంటిదే, కాకపోతే ఒకే కప్పు కింద నాలుగైదు తిండి కొట్లు, ఒక డ్రింక్స్ కొట్టు ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీలు, పైన తిరిగే ఫ్యాను. ఒక ప్లేటు నూడుల్స్, ఒక పెద్ద టైగర్ సీసా చెప్పాను. సీసా తెచ్చిన చైనీస్ ఆంటీకి అరవయ్యేళ్ళుంటాయి. ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: గ్లాసు ఒకటా, రెండా? ఒకటి అన్నాను. ఐసు వేసి పోసి వెళ్ళిపోయింది. ఎవరి పిల్లవి, ఒక్కదానివే వచ్చావేం, పెళ్ళయిందా — ఇవేవీ ఆవిడకి అక్కర్లేదు. పక్క టేబుల్లో ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. గంటన్నర కూర్చున్నాను. ఆ రోజు నాకు దొరికిన సుఖం బీరులోది కాదు. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా నలుగురు తిరిగే చోట కూర్చోవడంలోది.

ఈ ఊరు నాకిచ్చిన అన్నిటిలోకీ పెద్దది అదే. అందుకే దాని విలువ నాకు తెలుసు. అదే నా పక్కవాడికి దొరకనప్పుడు, దొరక్కపోవడమే మంచిదని నేను బొటనవేలు చూపిస్తే, నన్ను నేనేమనుకోవాలి?

*

ఈ ఊళ్ళో బీరు ధరల గురించి కొంచెం చెప్పాలి. సూపర్ మార్కెట్లో ఒక డబ్బా మూడు డాలర్ల చిల్లర. కోపిటియంలోనో హాకర్ సెంటర్లోనో పెద్ద సీసా ఏడు, ఎనిమిది. నది ఒడ్డున బార్లలో, మేడల మీద బార్లలో ఒక పింటు ఇరవై, దాని పక్కన రెండు ప్లస్ గుర్తులు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గుర్తుల్ని పట్టించుకోరు, బిల్లొచ్చాక పట్టించుకుంటారు. మొదటి ప్లస్ పది శాతం సర్వీస్ చార్జి. రెండోది జీఎస్టీ, 2024 నించి తొమ్మిది శాతం, సర్వీస్ చార్జితో కలిపిన మొత్తం మీద. ఇరవై కాస్తా ఇరవై నాలుగవుతుంది. బీరు అదే. మిగతా డబ్బు దేనికి?

కుర్చీకి. ఏసీకి, వ్యూకి, పక్కన ఎవరు కూర్చుంటారో ముందే తెలిసుండటానికి. ఇది ఎవరూ పైకి అనరు. "ఆంబియన్స్ బావుంటుంది" అంటారు.

ఒకసారి హైదరాబాద్ నించి వచ్చిన స్నేహితుల్ని రాఫెల్స్ హోటల్లోని లాంగ్ బార్‌కి తీసికెళ్ళాను. 1887లో మొదలైన హోటల్ అది. సింగపూర్ స్లింగ్ అనే గులాబీ రంగు కాక్‌టెయిల్ పుట్టిల్లు. ఒక గ్లాసు ముప్ఫై డాలర్ల పైమాటే. ఆ పానీయం వెనక హోటల్ వాళ్ళే చెప్పే కథ ఒకటుంది. వందేళ్ళ కిందట మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురిలో మందు తాగకూడదు కాబట్టి, చూడ్డానికి పళ్ళరసంలా కనిపించేలా దీన్ని తయారు చేశారట. నాకు కావలి గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాలలా కనిపించే కల్లు అన్నమాట. అక్కడ ఇంకో ఆచారం ఉంది. గోనెసంచిలో ఇచ్చిన వేరుశనగకాయలు ఒలుచుకుని తొక్కలు నేల మీదే పడెయ్యాలి. నడుస్తుంటే కాళ్ళ కింద కరకరలాడతాయి. వీధిలో కాగితం ముక్క పారేస్తే జరిమానా వేసే ఊరు ఇది. హాకర్ సెంటర్లో తిన్న ట్రే తిరిగి స్టాండులో పెట్టకపోతే హెచ్చరిక, మళ్ళీ దొరికితే జరిమానా, 2021 నించి. కానీ ఇక్కడ తొక్కలు నేల మీద వేస్తే వారసత్వం. మా స్నేహితులు వీడియోలు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను.

*

"ఎక్స్‌పాట్" అన్న మాటకి డిక్షనరీలో అర్థం, సొంత దేశం కాని చోట ఉంటున్న మనిషి. ఆ లెక్కన షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే శ్రీకాకుళం కుర్రాడు కూడా ఎక్స్‌పాటే. ఎవరైనా అంటారా? ఇక్కడ మనిషి జాతకం జేబులో ఉన్న కార్డు చెప్తుంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ కావాలంటే 2025 నించి నెలకి కనీసం 5,600 డాలర్ల జీతం ఉండాలి. 6,000 దాటితే భార్యనో భర్తనో పిల్లల్నో తెచ్చుకోవచ్చు. కట్టడాల్లో, షిప్‌యార్డుల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమందిది వర్క్ పర్మిట్. దాని మీద కుటుంబాన్ని తెచ్చుకోడానికి లేదు. ఇక్కడి పౌరుల్ని పెళ్ళి చేసుకోవాలన్నా ముందు ప్రభుత్వం అనుమతి కావాలి. ఉండేది డార్మిటరీలో, ఒక గదిలో పదిమందో పన్నెండు మందో. ఆ గదిలో స్నేహితుడొస్తే కూర్చోబెట్టే చోటుండదు. ఆదివారం ఒక్కరోజు బయటికొచ్చి, ఊరికి డబ్బు పంపి, జుట్టు కత్తిరించుకుని, మన కూర వేసుకుని ఇంత అన్నం తిని, తెలిసినవాళ్ళతో కాసేపు కూర్చోవాలంటే లిటిల్ ఇండియానే దిక్కు.

అంటే మనకి నగరమంతా డ్రాయింగ్ రూమ్ అయితే, వాళ్ళకున్న డ్రాయింగ్ రూమ్ ఆ నాలుగు వీధులే. "ఆదివారం అక్కడికి వెళ్ళకు" అని సలహా ఇవ్వడమంటే, వాళ్ళింటికి వాళ్ళే చుట్టాలొచ్చారని మనం ముక్కు మూసుకోవడం.

*

2013 డిసెంబర్ 8, ఆదివారం రాత్రి. రేస్ కోర్స్ రోడ్డు, హ్యాంప్‌షైర్ రోడ్డు కలిసే చోట, కార్మికుల్ని డార్మిటరీలకి తీసుకెళ్ళే ప్రైవేటు బస్సు కింద పడి తమిళనాడు నించి వచ్చిన ముప్ఫై మూడేళ్ళ కట్టడం కూలీ చనిపోయాడు. తాగి ఉన్నాడు. చూస్తుండగానే గొడవ మొదలై వందలమంది బస్సు మీద, పోలీసు కార్ల మీద, అంబులెన్సుల మీద పడ్డారు. వాహనాలు తగలబెట్టారు. నలభయ్యేళ్ళకి పైగా అలాంటిది చూడని ఊరు నిర్ఘాంతపోయింది. విచారణ కమిటీ మరుసటేడు ఇచ్చిన నివేదిక మిగతా కారణాలతో పాటు మద్యాన్నీ వేలెత్తి చూపించింది.

2015 ఏప్రిల్ 1 నించి కొత్త చట్టం వచ్చింది. ఊరంతటా రాత్రి పదిన్నర నించి పొద్దున ఏడు దాకా బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదు. పట్టుబడితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. లిటిల్ ఇండియా, గేలాంగ్ మాత్రం ప్రత్యేక మండలాలు. అక్కడ శనివారం పొద్దున ఏడు నించి సోమవారం పొద్దున ఏడు దాకా, పగలైనా సరే, ఆరుబయట చుక్క ముట్టకూడదు. 2016లో ఒక పార్లమెంటు సభ్యురాలు ఆ ప్రాంతంలో గుమిగూడే జనాన్ని "నడిచే టైమ్ బాంబులు" అన్నారు. విమర్శలొచ్చాక ఆ మాట వాడినందుకు క్షమాపణ చెప్పుకున్నారు. చెప్పుకున్నారు కదా, ఆవిడని వదిలేద్దాం. మన గ్రూపులో "లేబర్ క్రౌడ్" అన్నవాళ్ళని ఎవరూ క్షమాపణ అడగలేదు.

2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో డార్మిటరీలు మూసేశారు. మనం జూన్ 19 నించి టేబుల్‌కి ఐదుగురం చొప్పున రెస్టారెంట్లలో కూర్చున్నాం. "ఎంత మిస్ అయ్యామో" అని ఫొటోలు పెట్టుకున్నాం. వాళ్ళని చిన్న చిన్న జట్లుగా లిటిల్ ఇండియాకి పంపి చూసే ప్రయోగం మొదలైంది 2021 సెప్టెంబర్‌లో. 2022 జూన్ నించి మిగతా చోట్లకి అడ్డు తీసేశారు కానీ, ఆదివారాలు, పండగ సెలవుల్లో లిటిల్ ఇండియా, చైనాటౌన్, గేలాంగ్ సెరాయ్, జురాంగ్ ఈస్ట్ వెళ్ళాలంటే డార్మిటరీ వాళ్ళు ముందుగా పాస్ తీసుకోవాలన్నారు. నేను శనివారం రాత్రి బార్లో టేబుల్ బుక్ చేసుకుంటాను. వాళ్ళు అప్పట్లో ఆదివారం వీధిని బుక్ చేసుకోవాల్సొచ్చింది.

*

ఇక్కడిదాకా చదివి మీ నోట్లో ఉన్న మాటలు నాకు తెలుసు. ఎందుకంటే ఇవన్నీ ఇన్నాళ్ళూ నేనన్నవే.

మొదటిది: చట్టం అందరికీ ఒకటే కదా, మనం కూడా ఆ మైదానంలో తాగకూడదు కదా. నిజమే. 2020 మేలో లాక్‌డౌన్ నిబంధనలు లెక్క చెయ్యకుండా రాబర్ట్‌సన్ కీ బార్ల దగ్గర గుమిగూడిన విదేశీయుల్లో కొందరికి జరిమానాలు పడ్డాయి, వర్క్ పాస్‌లు రద్దయ్యాయి. కాబట్టి ఈ ప్రభుత్వం తెల్లవాళ్ళనీ, డబ్బున్నవాళ్ళనీ వదిలేస్తుందని నేననను. నేనడిగేది వేరే. ఆ తర్వాత మన గ్రూపులో ఎవరైనా "ఆదివారం రాబర్ట్‌సన్ కీ వద్దు, బ్యాంకర్ క్రౌడ్" అని రాశారా? రాయలేదు. అక్కడ తప్పు చేసింది ఫలానా ఏడెనిమిదిమంది. లిటిల్ ఇండియాలో తప్పు చేసింది మాత్రం ఒక జనం. వాళ్ళు మనుషులుగా విడివిడిగా తప్పు చేసే అర్హత కూడా సంపాదించుకోలేదు. చట్టం అందరికీ ఒకటే అయినా, దాని నించి తప్పించుకునే దారికి టిక్కెట్టు ఉంది. లైసెన్సున్న బారు లోపల కూర్చుంటే ఆ గంటలేవీ వర్తించవు. ఆ టిక్కెట్టే ఇరవై నాలుగు డాలర్లు.

రెండోది: తాగుడు బీదవాడి కొంప ముంచుతుంది, వాళ్ళ మంచి కోసమే కదా. ఈ మాట నాకు మాత్రం చెప్పకండి. దూబగుంట మా జిల్లాలోదే. 1992లో సారా దుకాణాల వేలం జరక్కుండా అడ్డం కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మమ్మ ఒకతి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ మొదలుపెట్టిన ఆ మనుషులు 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెప్పించారు. రెండేళ్ళకే ఎత్తేశారనుకోండి, అది వేరే కథ. ఆవిడ సారా ప్యాకెట్ల గురించి చెప్పేటప్పుడు తాగేవాళ్ళని ఎంత తిట్టేదో, ఇంటింటికీ సారా చేర్చి ఖజానా నింపుకున్న సర్కారుని అంతకు రెట్టింపు తిట్టేది. అది ఆ ఇళ్ళ ఆడవాళ్ళు తమ మగవాళ్ళ గురించి, తమ కూలి డబ్బుల గురించి, తమ వీపుల మీద దెబ్బల గురించి చేసిన యుద్ధం. ఆ యుద్ధాన్ని తెచ్చి, కాక్‌టెయిల్ చేతిలో పట్టుకుని, పక్కవాడి బీరు డబ్బా మీదకి తిప్పడం అమ్మమ్మకి అవమానం. నిజంగా తాగుడే బాధయితే ముందు మన శుక్రవారాల సంగతి మాట్లాడుకుందాం. పొద్దున్నే మీటింగుకి కళ్ళు ఎర్రగా వచ్చి "లాస్ట్ నైట్ రఫ్ అయింది" అని నవ్వుకునే మన టీమ్ లీడుల సంగతి మాట్లాడుకుందాం.

మూడోది గట్టి ప్రశ్న: ఆడదానివి, అంతమంది మగవాళ్ళ మధ్య నడవడానికి నీకు భయం లేదా? ఉంది. ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డు మీద వందల చూపులు పడతాయి. కొన్ని చూపులు నాకు నచ్చవు. ఈ ఇబ్బంది ఊహ అని నేననను, ఏ అమ్మాయికీ "సర్దుకుపో" అని చెప్పను. కానీ ఒక్కమాట. ఆ వీధిలో ఆడవాళ్ళు లేకపోవడం వాళ్ళ దుర్మార్గం వల్ల కాదు. పెళ్ళాన్నీ పిల్లల్నీ తేవడానికి వీల్లేదని కార్డు మీద రాసి రప్పించుకున్నారు కాబట్టి. కుటుంబాల్ని ఒడ్డునే ఆపేసి, మగవాళ్ళనే ఓడ దింపి, ఆ తర్వాత "అబ్బ, ఎంతమంది మగవాళ్ళో" అనడం ఏం న్యాయం? ఇంకో నిజం కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ళకి పైగా ఉన్న ఈ ఊళ్ళో నా నడుము మీద చెయ్యి వేసినవాడు నాకు లిటిల్ ఇండియాలో తగల్లేదు. క్లార్క్ కీలో తగిలాడు. మెడలో కంపెనీ ఐడీ కార్డు కూడా తియ్యలేదు. ఆ మర్నాడు క్లార్క్ కీ వెళ్ళొద్దని నాకెవరూ చెప్పలేదు. "అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటార్లే" అన్నారు.

నాలుగోది: అక్కడ కాపురముండేవాళ్ళ బాధ. మెట్ల మీద పడుకున్నవాళ్ళు, పారేసిన సీసాలు, గోడల వారన ఉచ్చలు. ఇది నిజమైన ఫిర్యాదే. దీనికి మందు మరుగుదొడ్లు, బల్లలు, కుర్చీలు, నీడ, డార్మిటరీల దగ్గరే కూర్చుని మాట్లాడుకోగల చోట్లు. కొన్ని కట్టారు కూడా. మనం ఇచ్చే మందు మాత్రం మొహం తిప్పుకోవడం.

*

ఇప్పుడు నా సంగతి. 2018లో అనుకుంటా, టెక్కా సెంటర్‌లో కూరగాయలు కొనడానికి వెళ్ళాను. కింద మార్కెట్లో గోంగూర కట్టలు ఏరుకుంటుంటే ఒకతను దగ్గరికొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడటం విన్నట్టున్నాడు. చేతిలో మడత పెట్టిన కాగితం. "తెలుగోలేనా మేడమ్?" అన్నాడు.

నేను "సారీ?" అన్నాను. ఇంగ్లీషులో. ఆ ఒక్క మాటకి ఎంత ఇంగ్లీషు పట్టించగలనో అంతా పట్టించి.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "సారీ మేడమ్, సారీ" అని కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది ఆస్పత్రి కాగితమో, కంపెనీ ఉత్తరమో, ఏమీ కాదో నాకు ఈ రోజుకీ తెలీదు. చదివి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ సాయంత్రం నేను స్నేహితులతో కూర్చుని పరాయి దేశంలో తెలుగు బతికించుకోవడం ఎలా అని మాట్లాడాను. మా పిల్లలకి వేమన పద్యాలు ఎలా నేర్పాలి అని. చేతిలో వైను గ్లాసు ఉంది.

మన ప్రవాస సాహిత్యంలో కూడా జరుగుతున్నది ఇదే అనిపిస్తుంది నాకు. ఎన్ని కథల్లో చదివాం: ఒంటరి ఇంజనీరు, బారు స్టూలు, గ్లాసులో కరుగుతున్న ఐసు, అమ్మ చేతి పెసరట్టు జ్ఞాపకం. ఆ బారు కట్టినవాడు కథలోకి రాడు. ఈ ఊళ్ళో 2014 నించి వలస కార్మికుల కవితల పోటీ జరిగింది. అందులో గెలిచి పేరు తెచ్చుకున్న బంగ్లాదేశీ కవి జాకిర్ హొసేన్ ఖోకన్ కట్టడాల్లో పనిచేసేవాడు. పందొమ్మిదేళ్ళు ఇక్కడున్నాక 2022లో అతని వర్క్ పాస్ రెన్యూ చెయ్యలేదు. తప్పుదోవ పట్టించే పోస్టులు పెట్టాడని ప్రభుత్వం అంది. బెంగాలీ కూలీలు తమ ఆదివారాల గురించి కవిత్వం రాసుకుంటుంటే, మనం ఇంకా మన పెసరట్ల గురించే రాస్తున్నాం.

*

పోయిన ఆదివారం వెళ్ళాను. టెక్కా హాకర్ సెంటర్, సాయంత్రం ఐదు. హాకర్ సెంటర్లకి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమూ గర్వపడుతూ షేర్ చేశాం. ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకే బల్ల దగ్గర తింటారని, అదే ఈ సంస్కృతి అని. నేను ఎనిమిదేళ్ళుగా ఆ బల్లలకి వెళ్ళేది శనివారం పొద్దున్నే, ఖాళీగా ఉన్నప్పుడు. టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకుని, ఎదురుగా ఎవరూ కూర్చోకుండా బ్యాగు పెట్టుకుని.

ఆ రోజు ఆపుకోడానికి సీటే లేదు. ఆరుగురి బల్ల దగ్గర ఐదుగురున్నారు. "కూర్చోవచ్చా?" అని తెలుగులోనే అడిగాను, మాటలు వినబడ్డాయి కాబట్టి. ఐదుగురూ ఒక్కసారి సర్దుకున్నారు, ఒకతను లేచి నిలబడబోయాడు. వద్దన్నాను. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ మాటలకి అడ్డం వచ్చానని అర్థమైంది. చివరికి వాళ్ళలో పెద్దాయన అడిగాడు: "ఏ కంపెనీ తరపునొచ్చారమ్మా? సర్వేనేటి?"

నాలాంటి మనిషి వాళ్ళ బల్ల దగ్గరికి రావాలంటే ఏదో ఒక సర్వే అయి ఉండాలి. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

సర్వే కాదు, కాఫీకి వచ్చానన్నాను. నమ్మారో లేదో. సోంపేట వైపు మనుషులు. షిప్‌యార్డు. రోజుకి ఇరవై రెండు డాలర్లు బేసిక్, పైన ఓవర్‌టైమ్. వచ్చేటప్పుడు ఏజెంటుకి కట్టిన అప్పు ఇద్దరికి ఇంకా తీరలేదు. ఇరవై రెండు అనగానే నాకు ఇరవై నాలుగు గుర్తొచ్చింది. నా శుక్రవారం పింటు ఆయన ఒక రోజు పని కంటే ఖరీదు. బల్ల మీద ఐదుగురికీ కలిపి రెండు సీసాలున్నాయి. చిన్న చిన్న గుక్కల్లో, గంట నించి. ఏడింటికి లేచి వెళ్ళిపోవాలి, బస్సు కోసం లైనుంటుందని ఒకతను పదే పదే టైము చూసుకుంటున్నాడు. నా కాఫీ డబ్బులు పెద్దాయన ఇచ్చేశాడు. నేను పర్సు తియ్యబోతే, "మా బల్ల కాడికొచ్చి మీరిత్తారేటమ్మా" అన్నాడు.

ఒక్క కాఫీ తాగి నేనేదో సాధించానని చెప్పడం లేదు. బల్ల పంచుకుంటే వర్క్ పర్మిట్ మారదు, ఏజెంటు అప్పు తీరదు, లారీ తొట్టికి సీటు బెల్టు రాదు. వాటి కోసం చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి, ఈ ఊళ్ళోనే చేస్తున్న సంస్థలున్నాయి, వాటికి చదువుకున్న తెలుగువాళ్ళ అవసరం ఉంది. కాగితాలు చదివిపెట్టడానికి, తెలుగులో చెప్పడానికి. కానీ ఆ పని చెయ్యాలన్నా ముందు "క్రౌడ్" అనే మాట నోట్లోంచి పోవాలి. కనీసం సలహా ఇచ్చేటప్పుడు.

ఆ రాత్రి గ్రూపు తెరిచి, పైకి జరిపి జరిపి, ఆ మెసేజ్ మీద నా బొటనవేలు తీసేశాను. కింద ఆ కొత్తమ్మాయికి ఒక జవాబు రాశాను: "ఆదివారం సాయంత్రమే వెళ్ళండి. టెక్కాలో కూర్చోండి. సీటుండదు, అడిగితే జరుగుతారు. తెలుగులో అడగండి."

పది రోజులైంది. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. వచ్చే శుక్రవారం ఏదో కొత్త రూఫ్‌టాప్ బార్‌లో కలుద్దామని మాత్రం పోల్ పెట్టారు.